జీడిపిక్కకు ఐకాన్ ఏది? మొబైల్ యాప్‌లో ఐకాన్ లైబ్రరీని మన అవసరానికి మలచుకునే సమగ్ర మార్గదర్శి

పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడిపిక్కలు కొనే వ్యాపారి కోసం యాప్ తయారుచేస్తున్నారనుకోండి. రైతు పేరు, 80 కిలోల బస్తాలు ఎన్ని, తూకం, తేమ, ధర, రశీదు, చెల్లింపు. యాప్ చేసే పని ఇంతే. తూకం, లారీ, రశీదు, రూపాయి ఏ ఐకాన్ లైబ్రరీలోనైనా (ముందే గీసిపెట్టిన ఐకాన్ల సంచిక) దొరుకుతాయి. పిక్క దొరకదు. గుండు (విరగని జీడిపప్పు), బద్ద (రెండుగా చీలిన పప్పు) దొరకవు. అప్పుడు చాలామంది నెట్‌లో ఎక్కడో దొరికిన రంగురంగుల బొమ్మను తెచ్చి అతికిస్తారు. చక్కగా కుదిరిన ఐకాన్ల వరుసలో అదొక్కటే అరువు చొక్కాలా కనిపిస్తుంది.

లైబ్రరీని మలచుకోవడమంటే రంగు, సైజు మార్చడం ఒక్కటే కాదు. లైబ్రరీలో లేని నాలుగు బొమ్మలను మనమే గీసి, అవి కూడా దాంతోపాటే వచ్చాయేమో అనిపించేలా కలపాలి. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఈ మార్గదర్శి ఫ్లట్టర్‌ను (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు తయారుచేసే గూగుల్ సాధనం) ఆధారం చేసుకుని రాసింది. అలాంటిదే మరో సాధనం రియాక్ట్ నేటివ్‌లో తేడా వచ్చే చోట విడిగా చెప్పాం.

మొదటి మెట్టు: కాగితం మీద జాబితా

కోడ్ తెరవకముందే ప్రతి స్క్రీన్‌లో ఐకాన్ ఎక్కడెక్కడ కావాలో రాసుకోండి. ఒక్కోదానికి మూడు సంగతులు చాలు: అది చేసే పని, దాని పక్కన కనిపించే తెలుగు మాట, లైబ్రరీలో దొరికిన పేరు. ఇలాంటి యాప్‌కు ముప్పై నలభై ఐకాన్లకు మించి అవసరం ఉండదు. మూడో గడి ఖాళీగా మిగిలినవే మీరు గీయాల్సినవి.

పేరు చూసి మోసపోవద్దు. ‘బ్యాలెన్స్’ అని వెతికితే వచ్చే త్రాసు బొమ్మను చూస్తే కోర్టు గుర్తొస్తుంది. కాటాకు ‘స్కేల్’ పేరుతో ఉన్నదే సరైనది. డబ్బు అని వెతికితే ముందు డాలర్ గుర్తులు వస్తాయి, మీకు కావాల్సింది ‘కరెన్సీ రుపీ’. ట్రాక్టర్‌కు ‘అగ్రికల్చర్’, లారీకి ‘లోకల్ షిప్పింగ్’, పొడుగు రశీదుకు ‘రిసీట్ లాంగ్’, తేమకు ‘వాటర్ డ్రాప్’ అని వెతకండి.

పిక్క విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గూగుల్ ఐకాన్ లైబ్రరీ మెటీరియల్ సింబల్స్‌లో ‘నెఫ్రాలజీ’ పేరుతో మూత్రపిండాల బొమ్మ ఉంది. వంపు ఒకేలా ఉందికదా అని దాన్ని పిక్కగా వాడాలనిపిస్తుంది. వాడకండి. ఈ ఊళ్లున్న ఉద్దానం ఏళ్ల తరబడి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న ప్రాంతం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలైంది. అక్కడి రైతుకు ఆ వంపు బొమ్మను ఒంటరిగా చూపిస్తే ముందు ఏది గుర్తొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. బొమ్మకు అర్థం చూసేవాళ్ల జీవితంలోంచి వస్తుంది. దీనికి పరిష్కారం నాలుగో మెట్టులో ఉంది.

రెండో మెట్టు: లైబ్రరీ ఎంపిక

మెటీరియల్ సింబల్స్‌ను గూగుల్ 2022లో తెచ్చింది. ఇది వేరియబుల్ ఫాంట్, అంటే ఒకే ఫాంట్ ఫైల్‌లోంచి గీత మందాన్ని, నింపుడును కోడ్‌లోనే మార్చుకోవచ్చు. అవుట్‌లైన్డ్, రౌండెడ్, షార్ప్ అని మూడు శైలులున్నాయి. లైసెన్స్ అపాచీ 2.0. ఫాస్ఫర్‌లో థిన్, లైట్, రెగ్యులర్, బోల్డ్, ఫిల్, డ్యువోటోన్ అని ఆరు రకాలుంటాయి, లైసెన్స్ ఎంఐటీ. లూసిడ్, ట్యాబ్లర్ రెండూ 24 గడుల చట్రంలో 2 మందం గీతతో గీసినవి. లూసిడ్‌ది ఐఎస్‌సీ లైసెన్స్, ట్యాబ్లర్‌ది ఎంఐటీ. ఫాంట్ ఆసమ్ ఉచిత ఐకాన్లకు క్రియేటివ్ కామన్స్ బై 4.0 వర్తిస్తుంది, కాబట్టి వాళ్ల పేరు చెప్పాలి. ఆపిల్ ఎస్‌ఎఫ్ సింబల్స్ ఎంత బాగున్నా ఆండ్రాయిడ్ యాప్‌లో వాడటానికి అనుమతి లేదు.

ఫ్లట్టర్ అయితే మెటీరియల్ సింబల్స్ రౌండెడ్ తీసుకోండి. పిక్క, కుండ, తెప్ప, కొబ్బరికాయ లాంటి మన వస్తువులు వంపులు తిరిగి ఉంటాయి. వాటి పక్కన వచ్చే తెలుగు అక్షరాలూ గుండ్రనివే. షార్ప్ శైలి మూలలు ఆ రెంటితోనూ పొసగవు. రియాక్ట్ నేటివ్‌లో, అందులోనూ సొంత బొమ్మలు ఆరేడు దాటితే, లూసిడ్ నయం. అందులో ఐకాన్ అంటే ఎస్‌వీజీ (బొమ్మను గీతల లెక్కగా దాచే ఫైల్ రకం) గీతే. మీ బొమ్మ కూడా అలాంటి గీతే కాబట్టి మందం రెండింటికీ ఒకే మాటతో మారుతుంది. ఒక యాప్‌లో రెండు లైబ్రరీలు మాత్రం కలపొద్దు. రెంటిలోనూ గీత 2 మందమే ఉన్నా, మూలల వంపు, గీత చివర్లు వేరుగా ఉండి కంటికి తెలిసిపోతుంది.

మూడో మెట్టు: నాలుగు మీటలు

ఫ్లట్టర్ ప్యాకేజీలు దొరికే సైట్ పబ్ డెవ్‌లో ఉన్న మెటీరియల్ సింబల్స్ ఐకాన్స్ ప్యాకేజీని ప్రాజెక్టుకు చేర్చండి. చేర్చాక యాప్‌ను పూర్తిగా ఆపి మళ్లీ నడపండి. హాట్ రీలోడ్ (యాప్‌ను ఆపకుండానే కోడ్ మార్పులు చూపే పద్ధతి) చేస్తే కొత్త ఫాంట్ రాదు, ఐకాన్ల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి.

ఎక్కువమంది మొదట చేసే తప్పు ఒకటుంది. ఫ్లట్టర్‌తో వచ్చే పాత ఐకాన్ల క్లాస్ పేరు ‘ఐకాన్స్’, ఈ ప్యాకేజీది ‘సింబల్స్’. టైప్ చేస్తుంటే ఎడిటర్ ‘ఐకాన్స్’ నుంచి సూచిస్తుంది, అదే ఎంచుకుంటారు. పాత ఫాంట్ వేరియబుల్ కాదు. దానికి వెయిట్ ఎంత ఇచ్చినా, ఫిల్ ఎంత ఇచ్చినా ఏమీ మారదు, ఎర్రర్ కూడా రాదు. మందం మారడం లేదంటే ముందు చూడాల్సింది ఇదే.

మీటల సంగతికొస్తే, ఫిల్ 0 నుంచి 1 వరకు ఉంటుంది. 0 అంటే గీత బొమ్మ, 1 అంటే నిండు బొమ్మ. కింది బార్‌లో ఎంచుకున్న ట్యాబ్‌కు 1, మిగతావాటికి 0 ఇవ్వండి. వెయిట్ 100 నుంచి 700 వరకు, మామూలు విలువ 400. వేసవిలో తోటలో, కళ్లం దగ్గర ఎండలో ఫోన్ చూసేవాళ్లకు 500 ఇస్తే గీత తేటగా కనిపిస్తుంది. 300 కంటే కిందికి దిగితే పాత ఫోన్ల తెరల మీద గీతలు మాయమవుతాయి. గ్రేడ్‌కు సాధారణంగా వాడే విలువలు మైనస్ 25, 0, 200. ఇది ఐకాన్ కొలత మారకుండా గీతను కొద్దిగా పలచగానో చిక్కగానో చేస్తుంది. నల్లటి నేపథ్యం మీద తెల్ల గీత ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది కాబట్టి డార్క్ థీమ్‌లో మైనస్ 25 ఇవ్వండి.

నాలుగోది ఆప్టికల్ సైజ్, 20 నుంచి 48 వరకు. ఎక్కువమంది వదిలేసేది దీన్నే. ఐకాన్ ఏ సైజులో చూపిస్తున్నారో ఆ సైజుకు తగ్గ గీత మందాన్ని ఇది సరిచేస్తుంది. ఫ్లట్టర్ దీన్ని సైజుతో పాటు తనంతట తాను మార్చదు. మీరు ఏమీ ఇవ్వకపోతే సైజు 24 అయినా ఆప్టికల్ సైజ్ 48గానే ఉంటుంది. 48లో చూపడానికి గీసిన గీతను 24కు కుదిస్తే అది సన్నబడుతుంది. గూగుల్ సైట్‌లో చూసిన ఐకాన్ కంటే యాప్‌లో వచ్చింది నీరసంగా ఉందని అనిపించడానికి మామూలుగా ఇదే కారణం. సైజు ఎంతో ఆప్టికల్ సైజ్ కూడా అంతే ఇవ్వండి: 24కు 24, 40కి 40.

ఈ నాలుగింటినీ ప్రతి ఐకాన్ దగ్గరా రాయకండి. థీమ్‌లోని ఐకాన్ థీమ్ డేటాలో ఒక్కసారి రాస్తే యాప్ అంతటికీ వర్తిస్తుంది. లైట్ థీమ్‌కు ఒకటి, డార్క్ థీమ్‌కు ఒకటి.

లూసిడ్‌లో మీటలు మూడు: సైజు, రంగు, స్ట్రోక్ విడ్త్. పని చేయాలంటే రియాక్ట్ నేటివ్ ఎస్‌వీజీ ప్యాకేజీ కూడా ఉండాలి. సైజు 48 చేస్తే 2 మందం గీత 4 అవుతుంది. అలా లావెక్కకూడదనుకుంటే యాబ్సల్యూట్ స్ట్రోక్ విడ్త్‌ను ఆన్ చేయండి. ఐకాన్లను ఒక్కొక్కటిగా పేరుతోనే దిగుమతి చేసుకోండి. పేరును బట్టి నడుస్తుండగా వెతికి తెచ్చే పద్ధతి పెడితే లైబ్రరీ మొత్తం యాప్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

నాలుగో మెట్టు: మన బొమ్మలు గీయడం

బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. పేజీని కచ్చితంగా 24 బై 24 పిక్సెళ్లు చేయండి, గ్రిడ్‌ను 1 పిక్సెల్‌కు పెట్టండి. నాలుగు వైపులా 2 పిక్సెళ్లు వదిలితే మిగిలే 20 బై 20లోనే బొమ్మ ఉండాలి. ఆ లోపల కూడా అన్ని ఆకారాలూ ఒకే కొలతలో ఉండవు. గుండ్రటిదైతే 20 వ్యాసం, చతురస్రమైతే 18 బై 18, నిలువుదైతే 16 వెడల్పు 20 ఎత్తు, అడ్డమైతే దానికి తిరగేసి. చతురస్రాన్ని కూడా 20 చేస్తే గుండ్రటి దాని పక్కన పెద్దగా కనిపిస్తుంది. బస్తాకు నిలువు కొలత, లారీకి అడ్డ కొలత తీసుకోండి.

గీసేముందు లైబ్రరీలోని రెండు మూడు ఐకాన్లను గూగుల్ ఫాంట్స్ సైట్ నుంచి, మీరు ఖరారు చేసుకున్న వెయిట్‌తోనే, ఎస్‌వీజీగా దించుకుని పక్కన పెట్టుకోండి. అవే మీ కొలబద్ద. ఆ ఫైళ్లు 24 గడుల్లో ఉండవు, 960 గడుల్లో ఉంటాయి, నిలువు లెక్క మైనస్ 960 నుంచి మొదలవుతుంది. అంటే మన 1 అక్కడ 40. అందులోని పాత్‌ను నేరుగా కాపీ చేసి 24 చట్రంలో అతికిస్తే బొమ్మ పేజీ బయట ఎక్కడో పడి కనబడదు. ఫైల్‌ను ఇంపోర్ట్ చేసి 24కు కుదించుకోండి.

ఇక పిక్క. ముందు చెప్పిన చిక్కు తప్పాలంటే పిక్కను ఒంటరిగా గీయకుండా పండుకు వేలాడదీయండి. పైన జీడిమామిడి పండు, 11 వెడల్పు, 11 ఎత్తు, పైకి కాస్త సన్నబడుతూ. కింద దానికి అంటుకుని పిక్క, 10 వెడల్పు, 7 ఎత్తు. పండు, పిక్క కలిసే చోట రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడి ఒకే గీతలా ఉండాలి, లేదంటే 4 మందం గడ్డ కడుతుంది. ఈ ఆకారం ఉద్దానంలో పిల్లలకైనా తెలుసు, దాన్ని మరొకటిగా ఎవరూ పొరబడరు.

గుండుకు, బద్దకు పండు అక్కర్లేదు. ఒలిచిన పప్పును తిన్నగా నిలబెట్టకుండా ఏటవాలుగా పడుకోబెట్టి, బద్దకు మధ్యలో చీలిక గీత ఇవ్వండి. లోపలి వంపు దగ్గర రెండు గీతల మధ్య కనీసం 2 పిక్సెళ్ల ఖాళీ ఉంచాలి. అంతకు తగ్గితే ఫోన్‌లో ఆ సందు పూడిపోయి నల్లటి మచ్చ మిగులుతుంది.

పొడవైన వస్తువులది వేరే ఇబ్బంది. బొబ్బిలి వీణకు ఐకాన్ కావాలంటే అడ్డంగా పెట్టకండి, 20 వెడల్పులో కుండ చిన్నదైపోతుంది. 45 డిగ్రీల వాలులో మూల నుంచి మూలకు పెడితే దాదాపు 28 పొడవు దొరుకుతుంది. వీణకు 24 మెట్లున్నా ఐకాన్‌లో మూడు గీతలు మించి వేయొద్దు. 2 గీత, 2 ఖాళీ లెక్కన 20 పిక్సెళ్లలో పట్టేది అయిదే, అందులో కుండకూ చోటు కావాలి. కుండ గుండ్రదనం, కొసన ఉండే యాళి (సింహం లాంటి శిల్పం) తల వంపు ఈ రెండూ సరిగ్గా పడితే బొబ్బిలివాళ్లు చూడగానే పోల్చుకుంటారు.

గీతలన్నీ 2 మందం, చివర్లు, కలయికలు గుండ్రం. వెయిట్ 500 ఎంచుకుంటే కొలబద్ద ఐకాన్‌ను కొలిచి దానికి తగ్గట్టు కొంచెం పెంచండి. ప్రతి బొమ్మా రెండు సార్లు గీయాలి, ఒకటి గీతతో, ఒకటి నిండుగా. మనం తయారుచేసే ఫాంట్‌కు ఫిల్ మీట ఉండదు కాబట్టి ఇది తప్పదు. వెయిట్‌ను మొదట్లోనే ఖరారు చేసుకోమనడానికి కారణం కూడా ఇదే. తర్వాత 400కు మారుద్దామనుకుంటే లైబ్రరీ ఒక్క అంకెతో మారుతుంది, మన బొమ్మలన్నీ మళ్లీ గీయాలి.

అయిదో మెట్టు: బొమ్మను ఫాంట్‌గా మార్చడం

ఫాంట్‌కు గీత అంటే తెలియదు, నింపిన ఆకారమే తెలుసు. గీత గీతగానే ఉన్న ఫైల్‌ను ఫాంట్‌గా మారిస్తే పిక్క నల్లటి ముద్దగా వస్తుంది. అందుకని అన్నీ సెలెక్ట్ చేసి ‘స్ట్రోక్ టు పాత్’ చేయండి, ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్, ఆల్ట్, సీ. తర్వాత ‘యూనియన్’తో ఒకే పాత్ చేయండి. గ్రూపులుంటే విడదీయండి. అవుట్‌లైన్ వ్యూలోకి వెళ్లి చూస్తే ఒకదాని మీదుగా ఒకటి దాటే గీతలేవీ మిగలకూడదు. ప్లెయిన్ ఎస్‌వీజీగా దాచండి. గీత మిగిలున్న అసలు ఫైల్‌ను వేరే పేరుతో తప్పకుండా ఉంచుకోండి, దిద్దడానికి అదే పనికొస్తుంది.

దాచేముందు ‘పేజీని బొమ్మకు సరిపెట్టు’ అనే ఆప్షన్ జోలికి వెళ్లకండి. వెళితే చుట్టూ వదిలిన 2 పిక్సెళ్లు పోతాయి, బొమ్మ చట్రమంతా నిండి మిగతా ఐకాన్ల పక్కన పెద్దదిగా కనిపిస్తుంది.

ఫ్లట్టర్ఐకాన్ సైట్‌లో ఈ ఎస్‌వీజీలన్నీ వేస్తే ఒక ఫాంట్ ఫైల్, ఒక డార్ట్ (ఫ్లట్టర్ కోడ్ రాసే భాష) ఫైల్, ఒక కాన్ఫిగ్ జేసన్ ఫైల్ వస్తాయి. బొమ్మ లోపలి ఖాళీ నిండిపోయి వస్తే కారణం పాత్ తిరిగే దిశ. బయటి వలయం ఒక వైపు తిరిగితే లోపలిది ఎదురు వైపు తిరగాలి. ఇంక్‌స్కేప్‌లో ‘బ్రేక్ అపార్ట్’ చేసి, లోపలి దానికి ‘రివర్స్’ ఇచ్చి, ‘కంబైన్’ చేయండి.

కాన్ఫిగ్ జేసన్ ఫైల్‌ను కోడ్‌తో పాటే గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే సాధనం) ఉంచండి. ప్రతి బొమ్మకూ ఒక సంకేత సంఖ్య ఉంటుంది, అవి ‘E800’ నుంచి మొదలవుతాయి. ఆర్నెల్ల తర్వాత ఇంకో బొమ్మ కలపాలనుకున్నప్పుడు ఈ ఫైల్‌ను మొదట ఎక్కించి, ఆపై కొత్తది చేర్చాలి. అలా కాకుండా అన్నీ మొదట్నుంచి వేస్తే సంఖ్యల వరుస మారిపోతుంది. పాత డార్ట్ ఫైల్, కొత్త ఫాంట్ కలిసినచోట గుండు నొక్కాల్సిన చోట బద్ద కనిపిస్తుంది. ధర లెక్కించే యాప్‌లో అది చిన్న తప్పు కాదు.

ఫాంట్‌ను ప్రాజెక్టు వివరాలుండే పబ్‌స్పెక్ యామల్ ఫైల్‌లో నమోదు చేసేటప్పుడు ఖాళీల వరుస చూసుకోండి. ‘ఫాంట్స్’ అనే మాట ‘ఫ్లట్టర్’ కింద రెండు ఖాళీల లోపల ఉండాలి. ఫ్యామిలీ పేరు డార్ట్ ఫైల్‌లో ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే డబ్బాలే దర్శనమిస్తాయి.

ఆరో మెట్టు: అన్నిటికీ ఒకే తలుపు

యాప్‌లో ఎక్కడా ‘సింబల్స్’ అని నేరుగా రాయకండి. ఒకే ఫైల్‌లో మీ సొంత పేర్లు పెట్టుకోండి: తూకం, తేమ, పిక్క, గుండు, బద్ద, చెల్లింపు. ప్రతి పేరుకూ గీత బొమ్మ ఏదో, నిండు బొమ్మ ఏదో అక్కడే చెప్పండి. ఒక చిన్న విడ్జెట్ (ఫ్లట్టర్‌లో తెర మీద కనిపించే భాగం) ‘ఎంచుకున్నారా లేదా’ అనేది తీసుకుని, లైబ్రరీ ఐకాన్ అయితే ఫిల్ మార్చాలి, మన బొమ్మ అయితే రెండో బొమ్మ చూపాలి. మిగతా స్క్రీన్లకు ఏది లైబ్రరీదో ఏది మనదో తెలియాల్సిన పని లేదు.

సర్వర్ నుంచి సరుకు రకాలు వస్తే వాటితో ఐకాన్ సంకేత సంఖ్య పంపకండి, పేరు పంపండి. సంఖ్య వస్తే దాంతో ఐకాన్ డేటాను నడుస్తుండగా తయారుచేయాలి. విడుదల బిల్డ్ (వాడుకరులకు ఇచ్చే తుది రూపం) వాడని ఐకాన్లను ఫాంట్‌లోంచి తీసేస్తుంది కాబట్టి, అలా చేస్తే ఐకాన్ డేటా స్థిరంగా లేదంటూ ఆగిపోతుంది. నెట్‌లో దొరికే చిట్కా ‘నో ట్రీ షేక్ ఐకాన్స్’ అనే ఫ్లాగ్. దాంతో బిల్డ్ అవుతుంది గానీ వాడని వేల ఐకాన్లతో సహా ఫాంట్ మొత్తం యాప్‌లోకి వస్తుంది. పాత మెటీరియల్ ఐకాన్స్ ఫాంటే 16 లక్షల బైట్లు దాటుతుంది, వేరియబుల్ ఫాంట్ అంతకంటే చాలా పెద్దది. పేరు వచ్చిందంటే స్థిరమైన పట్టికలో చూసుకోవచ్చు, తెలియని పేరైతే ప్రశ్న గుర్తు చూపవచ్చు. తయారీలో రోజూ నడిపే డీబగ్ బిల్డ్‌లో ఈ తప్పు బయటపడదు, కాబట్టి మొదటి వారంలోనే ఒకసారి విడుదల బిల్డ్ చేసి చూడండి.

ఐకాన్లు, ఫాంట్లు నెట్ నుంచి దించుకునే ఏర్పాటు అసలే వద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో టవర్లు పనిచేయవు, రైతు వివరాలు రాసుకునే అవసరం మాత్రం అప్పుడే ఎక్కువ. అన్నీ యాప్‌లోనే ఉండాలి.

ఏడో మెట్టు: తెలుగు మాట పక్కన ఐకాన్

ఐకాన్ ఒక్కటే పెట్టి వదలకండి, కింద మాట ఉండాలి. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు వస్తాయి. ఇంగ్లిష్ లెక్కన పెట్టిన ఎత్తులో ‘చెల్లింపు’ కింది లావత్తు తెగిపోతుంది. లేబుల్ లైన్ ఎత్తు 1.4 నుంచి 1.5 మధ్య పెట్టండి, పెట్టె ఎత్తును స్థిరంగా బిగించొద్దు. పెద్దవాళ్లు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకుంటారు. ఫ్లట్టర్‌లో మాట పెరుగుతుంది, ఐకాన్ పెరగదు. అప్లై టెక్స్ట్ స్కేలింగ్‌ను ఆన్ చేస్తే రెండూ కలిసి పెరుగుతాయి.

బొమ్మ 24 అయినా వేలు తాకే చోటు ఆండ్రాయిడ్‌లో 48, ఐఫోన్‌లో 44 ఉండాలి. రంగుల్లో, నేపథ్యంతో వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 3కు 1 ఉండాలి. జీడిమామిడి పండు రంగని మెటీరియల్ రంగుల పట్టికలోని అంబర్ 500ను తెల్లటి తెరపై వాడితే ఆ తేడా 1.6 దగ్గరే ఆగిపోతుంది, ఎండలో ఏమీ కనబడదు. బ్రౌన్ 700 వాడితే 9 దాటుతుంది.

మాట లేని ఐకాన్ బటన్‌కు సెమాంటిక్ లేబుల్‌లో తెలుగులో పని పేరు రాయండి, ‘తూకం నమోదు’ అన్నట్టు. చూపు లేనివాళ్ల కోసం ఆండ్రాయిడ్‌లో ఉండే టాక్‌బ్యాక్ దాన్నే చదివి వినిపిస్తుంది. పక్కన మాట ఉన్న ఐకాన్‌కు లేబుల్ వద్దు, ఇస్తే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. ఫోన్‌పే, వాట్సాప్ వంటి గుర్తులను మాత్రం మీ గీత మందానికి, మీ రంగుకు మార్చకండి. అవి ట్రేడ్‌మార్కులు, ఆయా కంపెనీలిచ్చిన రూపంలోనే వాడాలి.

ఎనిమిదో మెట్టు: ఫాంట్ పనికిరాని రెండు చోట్లు

ఆండ్రాయిడ్ నోటిఫికేషన్ ఐకాన్‌కు ఫాంట్ కుదరదు, వెక్టర్ డ్రాయబుల్ (ఆండ్రాయిడ్ సొంత గీత బొమ్మ ఫైల్) కావాలి. పారదర్శక నేపథ్యంపై తెల్లటి ఆకారం మాత్రమే ఉండాలి. రంగుల బొమ్మ పెడితే ఆండ్రాయిడ్ రంగును పట్టించుకోక ఆకారాన్నే తీసుకుంటుంది, చదరపు పలక మాత్రమే కనిపిస్తుంది. నిండు పిక్క బొమ్మ ఇక్కడ చక్కగా పనికొస్తుంది.

హోమ్ స్క్రీన్ ఐకాన్‌కు 108 బై 108 పొర గీసి, ముఖ్యమైనదంతా మధ్యలోని 66 వలయంలో ఉంచండి. ఒక్కో ఫోన్ దాన్ని ఒక్కో ఆకారంలో కత్తిరిస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి థీమ్ రంగులకు ఒకే రంగు పొర కూడా ఇవ్వొచ్చు. ఐఫోన్‌కు 1024 బై 1024, పారదర్శకత లేకుండా.

చివరగా, యాప్‌లో డెవలపర్లకే కనిపించే ఒక పేజీ పెట్టండి. అన్ని ఐకాన్లూ 20, 24, 40 సైజుల్లో, గీతగా, నిండుగా, తెలుపు మీద, నలుపు మీద వరుసగా ఉండాలి. మీ బొమ్మలను విడిగా ఒక మూల పెట్టకుండా లైబ్రరీవాటి మధ్యలో కలిపి పెట్టండి. ఫోన్‌ను చేయి చాపినంత దూరంలో పట్టుకుని కళ్లు సగం మూసి చూస్తే, లావైనది, సన్నదైనది, పక్కకు జరిగినది ఇట్టే తెలుస్తుంది. ప్యాకేజీ కొత్త వెర్షన్‌కు మారేముందు ఈ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, మారాక మళ్లీ తీసి పోల్చండి. లైబ్రరీలో కొన్ని ఐకాన్ల ఆకారం మారుతుంటుంది, కొన్నిటి పేరు మారుతుంటుంది. వెర్షన్ సంఖ్యను పబ్‌స్పెక్‌లో బిగించి ఉంచితే ఆ మార్పు ఎప్పుడు రావాలో మీ చేతిలో ఉంటుంది.